చూరు క్రింది కుచ్చు, చెరువు క్రింది చేను

సార్వా కోతలు ముగిసి కుప్పలు వేయు దినములలో మన పల్లెలందు వరికంకులను జడవలె అల్లి ఇంటి చూరునకో, గుడి మండపమునకో వ్రేలాడదీయుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. మెట్టసీమలలో వరికి బదులు సజ్జ, జొన్న కంకులు కట్టువారును కలరు. పిచ్చుకకు గింజ పెట్టుట పుణ్యమని పెద్దలు చెప్పుదురు. ఆ పుణ్యమునకు లోపము రాకుండగనే ఈ కుచ్చువలన రైతు మరియొక లాభము పొందవచ్చును. చేలో పిట్టలు ఎట్లు మెలగునో, ఏది ఏ విధముగ నష్టము చేయునో మంచెపై కూర్చుండి తెలిసికొనుట కష్టము. పైరు అడ్డముండును, దూరమెక్కువ, పైగా మనము కేకలు వేయుచు వడిసెల త్రిప్పుచుందుము. ఇంటి అరుగుమీద కదలక కూర్చుండి పది అడుగుల దూరమున కుచ్చును చూచినచో అదే పాఠము సులభముగ బోధపడును.

ఈ సంగతి వ్రాయుటకు ఒక కారణము కలదు. ఒక రబీ కాలమున పెద్దరైతు ఒకాయన నావద్దకు వచ్చెను. ఆయనకు చెరువు కట్ట క్రింద రెండెకరముల జొన్నచేను కలదు. బోరునీటి వసతి ఉండుటచేత తక్కిన ఊరివారికంటె సుమారు మూడు వారములు ముందుగా, అదియును స్వల్పకాలిక రకమును విత్తెను. కంకి పాలు పోసుకొను సమయమునకు పిట్టలు గుంపులు గుంపులుగా వ్రాలి చేను సగము ఊడ్చివేసినవి. "అయ్యా, నూకల్లో కలిపి గట్టు మీద చల్లే మందేదైనా ఉంటే చెప్పండి" అని ఆయన అడిగెను. అట్టి పని చట్టవిరుద్ధమనియు, ఆ నూకలు కోళ్ళు, మేకలు, పసిపిల్లల నోటబడు ప్రమాదము కలదనియు చెప్పితిని. "చట్టం సంగతి సరేనండీ, ఈ రెండెకరాల మీద తెచ్చిన అప్పు సంగతి చెప్పండి" అనెను. ఆ మాటకు నా వద్ద సిద్ధముగ సమాధానము లేదు. రెండు మూడు దినములు తెల్లవారకమునుపే మా ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చుండుడని కోరితిని. పిట్టల మందు అడుగవచ్చినవానిని పిట్టలను చూడ రమ్మనుట ఆయనకు వింతగనే తోచి యుండును. అయినను వచ్చెను.

కుచ్చు కట్టు విధము

కంకులను మూడు జానల కాడతో కోయవలెను. మంచు పదును మీద అల్లిన కాడ విరుగదు. ఎండిపోయినచో కొంచెము నీరు చిలకరించి గోనె కప్పి ఉంచిన సరిపోవును. కాడలను మూడు పాయలుగ జడ అల్లి, కంకులన్నియు క్రిందికి వ్రేలాడునట్లు కట్టవలెను. పిల్లి ఎగిరినను అందని ఎత్తున, అనగా ఏడెనిమిది అడుగుల పైన, వ్రేలాడదీయవలెను. కొత్తగ మందు చల్లిన మడినుండి కంకులు తేరాదు. విత్తనశుద్ధి చేసి రంగు పట్టించిన గింజలను ఏ పరిస్థితిలోను పక్షులకు పెట్టరాదు. కోళ్ళగూటి మీద కుచ్చు కట్టరాదు. అడవి పక్షుల రెట్టతో కోళ్ళకు తెగుళ్ళు సోకవచ్చును. వానకు తడిసి బూజుపట్టిన కుచ్చును తీసివేయవలెను. ప్రక్కనే ఒక మట్టి మూకుడులో నీళ్ళు పోసి, ప్రతిదినము కడిగి మార్చుచుండవలెను.

చూచువాడు ఒక నోటుపుస్తకము, పెన్సిలు దగ్గరనుంచుకొనవలెను. వచ్చిన పిట్ట ఏది, దానిని చూచి తొలగినది ఏది, తొలగించినది ఎట్లు తొలగించినది, ఈ మూడును వ్రాసికొనిన చాలును. పేరు తెలియని పిట్టకు మీరే ఒక గుర్తు పెట్టుకొనవచ్చును.

ఎవరిది పైచేయి

మొదట వచ్చునవి ఊరపిచ్చుకలే. అయితే అవి నేరుగ కుచ్చుమీద వ్రాలవు. దగ్గరలోని దానిమ్మ గుబురులోనో, ముళ్ళకంచెలోనో చేరి కొంతసేపు కిచకిచలాడి, ఒకటి ధైర్యము చేసి వచ్చిన తరువాత తక్కినవి వెంటవచ్చును. ఈ అలవాటు చిన్నదిగ కనబడును గాని చేలో చాల పనికివచ్చును. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

కుచ్చుమీద చోటు చాలనప్పుడు తగవు మొదలగును. ఒక పిచ్చుక తల ముందుకు చాచి నోరు తెరచును. రెండవది ప్రక్కకు జరుగును. అంతటితో తీర్పు అయిపోయినది. నూటికి తొంబది తగవులు ముక్కు తగులకుండగనే ముగియునని మా పెద్దరైతు తన లెక్కగ చెప్పెను. నేను పుస్తకమున అట్లు లెక్కగట్టలేదు గాని ఆయన మాట చాలవరకు నిజమే. నిజముగ పొడుచుకొని నేలబడి కొట్టుకొనుట అరుదు. ఓడినదానికి దెబ్బ, గెలిచినదానికి శ్రమ, ఇద్దరికిని తిండి వేళ వృధా. ఆ పైన డేగ ఎక్కడినుండి వచ్చునో తెలియదు.

మన కోళ్ళలో ఈ వరుసను గృహిణు లందరును ఎరుగుదురు. గింజలు చల్లగానే ఏ పెట్ట ముందు తినవలెనో, ఏది ఎవరిచేత పొడిపించుకొనవలెనో గుంపులో ముందే నిర్ణయమై యుండును. ఈ పొడుచుకొను వరుసను శాస్త్రీయముగ మొదట వివరించినవాడు నార్వే దేశస్థుడు షెల్డెరప్ ఎబ్బే. చిన్ననాటినుండి కోళ్ళను చూచి వ్రాసికొనిన సంగతులను ఆయన 1921లో వెల్లడించెను. ఒక్కసారి వరుస కుదిరిన గుంపులో కొట్లాట తగ్గును. కొత్త పెట్టను తెచ్చి వదలినప్పుడు మరల పెరుగును.

వేరువేరు జాతుల మధ్య అయితే బరువు ప్రధానము. జీనువాయి పిట్ట 12 నుండి 16 గ్రాములు మాత్రమే తూగును. ఊరపిచ్చుక సుమారు 25 గ్రాములు. గోరువంక నూరు గ్రాములకు కొంచెము అటునిటు. రామచిలుకయు దాదాపు అంతే. కాకి వీటన్నిటికి రెండింతలకు పైబడియే ఉండును. ఈ వరుసలోనే ఒకటి రాగా మరియొకటి తొలగుట చూడవచ్చును. అమెరికా ఖండపు ఉత్తరభాగమున, ఇళ్ళవద్ద గింజల తొట్టెలు కట్టి పక్షులను చూచు సాధారణ గృహస్థులు వ్రాసి పంపిన వివరములను చేర్చి 2017లో ఒక పరిశోధన ప్రకటింపబడినది. అందు 136 జాతుల మధ్య ఎవరిది పైచేయియో లెక్కగట్టిరి. బరువైనది తరచు గెలుచునుగాని, కొన్ని జాతులు తమ బరువునకు మించిన పెత్తనము చేయునని అందు తేలినది. శాస్త్రజ్ఞులు కానివారు వంటయింటి కిటికీలోనుండి చూచి వ్రాసినదే ఆ పరిశోధనకు ఆధారము అను సంగతి మనవారు గమనింపవలెను.

మన యొద్ద బరువునకు మించిన పెత్తనము చేయునది ఏట్రింత. దీనిని పసులపోలిగాడు అనియు పిలుతురు. నల్లని దేహము, చీలిన తోక. ఇది గింజ ముట్టదు. పురుగులే దీని ఆహారము. కాని తన గూటి దాపునకు కాకి వచ్చినచో వెంటబడి తరుముట మీరందరును చూచియే యుందురు. డేగను సైతము విడువదు.

బరువు తక్కువైనవి పస్తులుండునా అని సందేహము కలుగవచ్చును. ఉండవు. జీనువాయి పిట్ట పిచ్చుకకు చోటిచ్చి తొలగినట్లే తొలగి, కంకి చిట్టచివర తలక్రిందులుగ వ్రేలాడి తినును. అచ్చట పిచ్చుక బరువునకు కంకి వంగిపోవును. గువ్వలు కుచ్చునకు అసలు రావు. పైవారి తగవులో రాలిన గింజలను నేలమీద ఏరుకొనును. అచ్చటను రెండు గువ్వలు ఎదురైనచో రెక్కతో చెంపదెబ్బ వంటిది కొట్టుకొనును. గువ్వను శాంతమునకు గుర్తుగ చెప్పుదురు గదా, ఒక్కమారు మా అరుగుమీద కూర్చుండి చూచినచో ఆ మాట సవరించుకొందురు.

మగ ఊరపిచ్చుక గొంతుక్రింద నల్లని మచ్చ యుండును. మచ్చ ఎంత పెద్దదైన గుంపులో దాని హోదా అంత పెద్దదని పూర్వము శాస్త్రజ్ఞులు గట్టిగ చెప్పుచుండిరి. 2018లో పలు పరిశోధనల ఫలితములను ఒకచోట చేర్చి చూడగా ఆ మాటకు తగినంత బలము లేదని తేలినది. కావున మచ్చను చూచి తీర్పు చెప్పక ఏది తొలగినదో చూచియే వ్రాసికొనవలెను.

క్రింద రాలినది చదువుట

కుచ్చు క్రింద నేలను ఊడ్చి శుభ్రముగ ఉంచి, పూటకొకమారు ఏమి రాలినదో చూడవలెను. తిన్నవాడు వెళ్ళిపోయినను వాని సంతకము అచ్చట ఉండును.

పిచ్చుక, జీనువాయి గింజను ముక్కున త్రిప్పి పొట్టు ఒలిచి బియ్యమును మాత్రమే మ్రింగును. క్రింద ఊక రాలును. గువ్వ, పావురము గింజను పొట్టుతోనే మ్రింగును; అవి తిన్నచోట ఊక ఉండదు, గింజయే మాయమగును. రామచిలుక కంకినే కొరికి త్రుంచి, కాలితో పట్టుకొని నాలుగు గింజలు తిని, తక్కినది పారవేయును. అది తిన్నదానికంటె పారవేసినది ఎక్కువ. ఉడుత కూడ కుచ్చునకు దిగును. అది కాడను కొరికిన గుర్తు వేరుగ తెలియును.

ఈ చదువు వచ్చిన తరువాత పెద్దరైతును ఆయన చేనికే తీసికొని పోతిని. చెరువు కట్ట వైపు సాళ్ళలో కంకులపై గింజ పిండబడి తెల్లని పాలమరకలు, ఉత్త పొట్టు కనబడినవి. అవి పిచ్చుక, జీనువాయి చేసిన పని. నడిమి సాళ్ళలో కొన్ని కంకులు త్రుంచి పడియున్నవి, అది చిలుకలది. కాని రెండవ గట్టు దగ్గర మొక్కలే మొదట ఏటవాలుగ కొరుకబడి నేలకొరిగియుండెను. గట్టు నిండ కన్నములు, కన్నముల ముందు కొత్త మట్టి. పిట్ట ఏదియు కాండమును మొదట కొరుకదు. "ఇది ఎలుక కదండీ" అని ఆయనయే అనెను. ఊరివారందరును పగటి పూట కనబడు పిట్టలను తిట్టుచుండగా, రాత్రిపూట కనబడని ఎలుక ఒక మూల తన పని తాను చేసికొని పోవుచున్నది. పిట్టలకై చల్లు విషము ఆ గట్టుకు ఏమియు మేలు చేసియుండదు. పైగా విషము తిని పడిన పిట్టను తిన్న గుడ్లగూబ చచ్చినచో ఎలుకకు పండుగ.

ఒక కుచ్చు, అయిదు కుచ్చులు

ఇక అసలు పాఠము. మూడవ దినమున పాత కుచ్చును తీసివేసి, అదే పరిమాణము గల కుచ్చు ఒక్కటి మాత్రము చూరునకు కట్టితిమి. సాయంత్రమునకు దాదాపు ఖాళీ. మరునాడు అంతటివే అయిదు కుచ్చులు, ఇంటిచుట్టు దూరదూరముగ కట్టితిమి. వచ్చిన పిట్టలు అవే. తగవులు బాగుగ తగ్గిపోయినవి, ఏలయనగా ఓడినది మరియొక కుచ్చునకు పోవుటకు వీలు కలిగినది. సాయంత్రమున చూడగా ఏ కుచ్చును ఖాళీ కాలేదు. ఒక్కొక్కదానిలో కొన్ని కంకులే పోయినవి.

పెద్దరైతు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "నా చేను ఒంటికుచ్చు అయిందన్న మాట" అనెను.

ఆ మాటలో విషయ మంతయు కలదు. ఊరిలోను చుట్టుప్రక్కల చెట్లలోను ఉన్న పిట్టలకు ఒక వారములో కావలసిన తిండి ఇంచుమించు ఒక్కటే. నూరెకరముల జొన్న ఒకేమారు పాలు పోసుకొనినచో ఆ తిండి నూరెకరములపై పంచబడి, ఏ ఒక్కరికిని పెద్ద నష్టముగ కనబడదు. రెండెకరములే ముందుగా కంకి వేసినచో ఆ భార మంతయు రెండెకరముల యజమానిపై పడును. అందరి తరువాత వెనుకబడి పండిన చేనికిని ఇదే గతి. కావున స్వల్పకాలిక రకము మంచిదా కాదా అని విడిగ అడుగరాదు. చుట్టునున్నవారు ఎప్పుడు ఏ రకము విత్తుచున్నారని చూచి అడుగవలెను. గ్రామ వ్యవసాయ సిబ్బందియు, గ్రామ పెద్దలును విత్తుటకు ముందే ఒక సాయంకాలము రైతులను కూర్చి, ఒక్కొక్క చెరువు లేక ఒక్కొక్క కాలువ క్రింది జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు చేలను వారము పది దినముల వ్యవధిలో విత్తునట్లు ఒప్పించినచో, ఖర్చు లేకుండ జరుగు పక్షిరక్షణ అంతకంటె మరియొకటి లేదు.

ఇచ్చట ఒక పొరపాటు పడకూడదు. కుచ్చువద్ద కాకి పిచ్చుకను తరిమినట్లే చేలోను పెద్ద పిట్టలు చిన్నవానిని తరిమి మనకు మేలు చేయునని కొందరు తలంచెదరు. కుచ్చు చిన్నది, దానిని ఒకటి కాపలా కాయగలదు. చేను విశాలమైనది, కాపలా కాచుట వృధా శ్రమయని పిట్టకు తెలియును. అందుచేత చేలో తగవులుండవు, గుంపులే యుండును. గుంపులో ఒకటి తల ఎత్తి చూచుచుండ తక్కినవి తినును. తమలో తాము పోట్లాడుకొని పిట్టలు తగ్గునను ఆశ పెట్టుకొనరాదు.

కాపలా ఎప్పుడు, ఎచ్చట

కుచ్చువద్ద వ్రాసికొనిన కాలములను చూడుడు. తెల్లవారిన తరువాత రెండు మూడు గంటలును, ప్రొద్దుక్రుంకుటకు ముందు రెండు గంటలును రద్దీ ఎక్కువ. నడిమధ్యాహ్నమున కుచ్చు ఊరక వ్రేలాడుచుండును. చేలోను అంతే. దినమంతయు మంచెపై ఒకరిని కూర్చుండబెట్టి కూలి ఇచ్చుటకంటె ఈ రెండు పూటలలో ఇంటిల్లిపాదియు వంతులు వేసికొని కాచుట మేలు. పైరు జీవితకాల మంతయు కావలి అక్కరలేదు. గింజ పాలు పోసుకొనుట మొదలు గట్టిపడువరకు గల కొలది వారములే ముఖ్యము.

పిచ్చుకలు గుబురులో చేరి తరువాతనే కుచ్చునకు వచ్చుననియు, ఆ అలవాటు చేలో పనికివచ్చుననియు పైన చెప్పితిని. కుచ్చును గుబురునకు దూరముగ, బట్టబయట కట్టి చూడుడు, రాక తగ్గును. డేగ వచ్చినచో దాగుటకు చోటు లేదని వాని భయము. చేలోను పొద, కంచె, సర్కారు తుమ్మ దాపున ఉన్న అంచు సాళ్ళలోనే పిచ్చుక జాతి నష్టము ఎక్కువ. గట్టుమీది తుమ్మను విత్తుటకు ముందే కొట్టించుటయు, కావలివాడు నడిమి మంచెపై కాక ఆ అంచున తిరుగుటయు తగిన పని. చిలుకలు మాత్రము ఇందుకు లొంగవు. అవి నింగినుండి నేరుగ నడిమికి దిగును. మొక్కజొన్నకు చిలుక, కాకి బెడద ఉన్నచో అంచు నాలుగు సాళ్ళలో పొత్తును ఆ మొక్క ఆకులతోనే చుట్టి కట్టినచో చాలవరకు కంటబడక తప్పించుకొనును.

దిష్టిబొమ్మను గూర్చి ఒక మాట. మా కుచ్చు ప్రక్కన పెద్దరైతు పాత చొక్కా ఒకటి వ్రేలాడదీసెను. మొదటి దినము పిట్టలు రాలేదు. రెండవ దినము దూరమునుండి చూచినవి. నాలుగవ దినమున ఒక పిచ్చుక ఆ చొక్కా భుజముమీదనే కూర్చుండెను. ఎరుపు వెలుపలికి, వెండి మెరుపు లోపలికి గల రిబ్బనులు బజారులో దొరకును. పైరుకంటె అడుగున్నర ఎత్తున గుంజలు పాతి, రెండు మూడు మెలికలు వేసి, గాలికి శబ్దము చేయునట్లును ఎండకు మెరయునట్లును ఉత్తర దక్షిణముగ కట్టినచో మంచి ఫలితమునిచ్చును. కాని వానికిని పిట్టలు అలవాటుపడును. పది దినములు ముందుగా కట్టినవాడు భయమును ముందే ఖర్చు చేసికొనును. పాలు పోసుకొను దినమున కట్టి, గింజ గట్టిపడగానే విప్పి దాచుకొనవలెను. నడుమ స్థలము మార్చుచుండవలెను.

శనగ, కంది చేలలో పురుగును తినుటకు ఏట్రింత, గోరువంక వచ్చి వ్రాలునట్లు ఎకరమునకు 20 వరకు కొమ్మలు గాని, టి ఆకారపు కర్రలు గాని పాతుట మన శాఖవారు చాల కాలముగ చెప్పుచున్న పద్ధతియే. ఇది ఆయా పైరులలో మేలు. జొన్న, వరి చేలలో మాత్రము గింజ పాలు పోసుకొనగానే ఆ కొమ్మలను పీకివేయవలెను. లేనిచో పురుగు తినువానికై వేసిన పీటపై గింజ తినువాడు కూర్చుండును. రాత్రిపూట గుడ్లగూబ వ్రాలుటకు గట్లవద్ద రెండు మూడు కర్రలుంచుట ఎలుకలకు మంచి మందు.

పిట్ట ముక్కున ఏమున్నది

కుచ్చును చూచువారు మరచిపోకూడని సంగతి యొకటి. చూరులో గూడు పెట్టిన పిచ్చుకల జతను కనిపెట్టుడు. పిల్లలు గుడ్డునుండి వెలువడిన దినములలో ఆ జత వరికుచ్చు మీద తాము నాలుగు గింజలు తిన్నను, పిల్లల నోటికి గింజ తీసికొని పోదు. పెరటిలోని బెండ, వంగ మొక్కలపైకి పోయి పచ్చని పురుగును ముక్కున కరచికొని వచ్చును. గంటలో ఎన్ని మారులు వచ్చినదో లెక్కించుడు. మీ లెక్క మీకే ఆశ్చర్యము కలిగించును. గింజ తిను పిచ్చుకయును, పురుగును పట్టు పిచ్చుకయును ఒక్కటే. ఆ దినము కాలెండరు మాత్రము వేరు.

ఈ సంగతి తెలియక చేసిన పనికి చీనా దేశము సాక్ష్యము. 1958లో అచ్చటి ప్రభుత్వము ఎలుక, ఈగ, దోమలతోబాటు పిచ్చుకను కూడ దేశశత్రువుగ ప్రకటించి, ప్రజలచేత తప్పెటలు మ్రోగించి, గూళ్ళు పడగొట్టించి లెక్కకు మిక్కిలిగ చంపించెను. పురుగులు, మిడుతలు పెరిగిన తరువాత 1960లో పిచ్చుకను ఆ పట్టికనుండి తీసివేసి దాని స్థానమున నల్లిని చేర్చిరి. ఆ దినములలో అచ్చట వచ్చిన మహా క్షామమునకు రాజకీయ కారణములు పెక్కు గలవు. పిచ్చుకల సంహారము అందులో ఒక పాలు పంచుకొనినది.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవి పక్షులను పట్టుట, విషము పెట్టుట నేరముగ నిర్ణయించినది. రామచిలుకను పంజరమున పెట్టుటయు ఇందులోనిదే. 2018లో ఆంధ్రప్రదేశ్ ఈ రామచిలుకనే రాష్ట్రపక్షిగ ఎన్నుకొనినది. తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట. పాలపిట్ట మన చేలలో మిడుతలను తినును, దానితో ఎవరికిని పేచీ లేదు. చిలుక సంగతి అట్లు కాదు. పొద్దుతిరుగుడు వేసినవాని ముందు రాష్ట్రపక్షిని పొగడుటకు నాకు ధైర్యము చాలదు. అట్టివాడు పువ్వు గింజ కట్టు కాలమున తెల్లవారుజామునే చేలో ఉండక తప్పదు. చేని చుట్టును రెండు మూడు సాళ్ళ జొన్న లేక మొక్కజొన్న దట్టముగ విత్తి తెరగ పెంచుకొనుటయు మేలు.

పెద్దరైతునకు ఆ సంవత్సరము పోయిన పంట తిరిగి రాలేదు. మిగిలిన సగమును రెండు పూటల కావలితోను, చెరువు వైపు రిబ్బనుతోను కాపాడుకొనెను. గట్టు కన్నములకు ఎలుకల మందును కట్టుదిట్టముగ పెట్టించితిమి. మరుసటి రబీకి ముందు ఆయనయే తన ఊరిలో రైతులను కూర్చి విత్తు తేదీ మాట ఎత్తెను. చెరువు క్రింది పదునొకండుగురిలో తొమ్మిదిమంది ఒకే వారమున విత్తిరి. మిగిలిన ఇద్దరికి బోరు లేదు; వాన పడువరకు ఆగవలసి వచ్చి వెనుకబడిరి. వారి చేలు ఈమారు ఒంటికుచ్చులైనవి. తొమ్మిదిమంది తమ పంట గట్టిపడగానే రిబ్బనులను విప్పి ఆ ఇద్దరికి ఇచ్చి, పిల్లలను సాయంకాలము అచ్చటికే కావలికి పంపుటకు ఒప్పుకొనిరి. మొదటి వారము పంపిరి. రెండవ వారమున సంక్రాంతి వచ్చినది, పిల్లలు గాలిపటములకు పోయిరి. ఈ సంవత్సరము ఆ ఇద్దరికిని ఒక తడి నీరు పొరుగు బోరునుండి ఇచ్చి అందరితోబాటు విత్తించు విషయము ఇంకను మాటలలో ఉన్నది.